వందో రోజున తెరవని దిబ్బ

మా ఆడపడుచు ఉలమిలా పగడాల దిబ్బ మీదికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజు లేదు. ఏ రాతి కింద ఆక్టోపస్ నక్కి ఉందో ఇట్టే చెప్పేది. భర్త పోయాక వాటినే లంబాసా బజారులో అమ్మి ఇద్దరు పిల్లల్ని చదివించింది.

అలాంటి మనిషే సంతకాలు పెట్టమని మమ్మల్ని తొందరపెట్టింది. కొత్త హోటల్ వాళ్లు మా ఆచారం ప్రకారం కావా మొక్క వేళ్ల కట్ట కానుకగా తెచ్చి పెద్దల ముందు పెట్టి, దిబ్బ మీద హక్కు ఇరవై ఏళ్లు తమకొక్కరికే కావాలన్నారు. దిబ్బ మూయడం మాకు కొత్త కాదు. ఊరి పెద్ద పోతే వంద రోజులు మూస్తాం, తర్వాత అందరం దిగి, పట్టిన చేపలతో విందు చేసుకుంటాం. ఇదీ అలాగే వంద రోజులకి తెరుస్తారని, ఇరవై ఏళ్లన్నది హోటల్ నడిచే గడువని ఉలమిలా నచ్చజెప్పింది. నేను కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. అందుకు నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

సంతకాలయ్యాక వందో రోజు దగ్గరపడేకొద్దీ ఆమెకు ముద్ద దిగలేదు. నూరిన బల్లేన్నే మళ్లీ నూరేది. ఆ రోజు పొద్దున్నే నీళ్లు తగ్గగానే పదకొండు మంది ఆడవాళ్లం బుట్టలతో బయల్దేరాం. మోకాలి లోతులోనే హోటల్ కాపలా పడవ అడ్డొచ్చింది. అందులో ఉన్నది నా పెద్దకొడుకు సైరుసి.

"వెనక్కి వెళ్లత్తా. దిగితే మీ పేర్లు హోటల్ వాళ్లకి నేనే రాసివ్వాలి."

"వంద రోజులైపోయాయి కదరా."

"ఇది చావుకి మూసింది కాదత్తా. మనం వాళ్లకిచ్చింది చేపలు పట్టుకునే హక్కొక్కటే కాదు. ఎవర్ని రానివ్వాలో, ఎవర్ని ఆపాలో కూడా ఇక వాళ్లిష్టమే. మనల్ని కూడా ఆపొచ్చు."

ఉద్యోగంలో చేరిన రోజే వాడికి ఆ సంగతి చెప్పారట. ఇంట్లో చెప్పడానికి నోరు రాలేదట. నాకు వాడి చెంప పగలగొట్టాలనిపించింది.

"మరి తెరిచేదెవరు?" అంది ఉలమిలా.

"వాళ్లే. వాళ్లకి బుద్ధి పుడితే."

మిగతా ఆడవాళ్లు ఖాళీ బుట్టలతో ఒడ్డుకు నడిచారు. ఉలమిలా కదల్లేదు. నేను రెక్క పట్టుకుని లాగితే, నా చెవిలో అడిగింది.

"వదినా, వీళ్లంతా ఇవాళ పిల్లలకేం పెడతారు?"

కర్రపెండలం ఉందిగా అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఒడ్డున నిలబడ్డ వాళ్ల మొహాలు చూడలేక అక్కడే ఉండిపోయింది. నీళ్లు నడుము దాకా పెరిగాక సైరుసే పడవ దిగి, తన మేనత్తను దిబ్బ దగ్గర్నుంచి బయటికి నడిపించాడు.