బర్రె మేసిన విమానాశ్రయం

విమానాన్ని నేల మీద ఒక్కసారైనా చూడకుండానే విమానాశ్రయం కట్టడానికి బయలుదేరగల ధైర్యం నాకు ఆ వయసులో ఉండేది. తొంభైల్లో హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను (అంటే మేస్త్రీ పనా అని మా ఊరు బోధన్‌లో అడిగేవాళ్ళు, నాకు ఒళ్ళు మండేది). చివరి ఏడాది ప్రాజెక్టుకు తోటివాళ్ళంతా అద్దాల మేడలు గీస్తుంటే నేను మాత్రం, బీద దేశానికి అంత ఏసీ కరెంటు ఎక్కడిది, ప్రకృతిని చూసి నేర్చుకోవాలి అని ఉపన్యాసం దంచి, నిజామాబాదుకు చెరుకుతోట లాంటి విమానాశ్రయం గీశాను. గడల్లా గుంపుగా లేచే స్తంభాలు, ఆకుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగే కప్పు. వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది, వాన నీళ్ళు స్తంభాల లోపలి నుంచి దిగి తొట్టిలో చేరతాయి. కాగితం మీద అంతా చల్లగానే ఉంది.

నమూనా చేసుకోవడానికి ఇంటికొచ్చాను. చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే మా బాపు నా పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనకు రైలే యాళ్లకు రాదు గద బిడ్డా, ఇగ విమానమొస్తదా?" అన్నాడు. నేను పట్టించుకోకుండా పుల్లలతో స్తంభాలు నిలబెట్టి, చెరుకు ఆకులు కోసుకొచ్చి, మైదా జిగురుతో కప్పు అతికించడం మొదలుపెట్టాను. మా ఇంటి వెనక చేనులో చెరుకు కొట్టడానికి మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు ఆకుల గుడిసెలు వేసుకుని ఉండేవారు. వాళ్ళలో ఒక బాయి (ఆ ఆడవాళ్ళను అలాగే పిలిచేవాళ్ళం; సరిహద్దు మనుషులు, తెలుగు వచ్చు) మా బోరింగు దగ్గర నీళ్ళకని వచ్చి, బిందె పక్కన పెట్టి, నా కప్పును చూసి పకపకా నవ్వింది.

"అరె, ఉల్టా ఏసినవ్! మీదికెల్లి కాదు, చూరుకాడికెల్లి మీదికి పరుసుకుంట పోవాలె. గిట్లుంటే నీ విమానమొళ్లు అందరు తడుస్తరు."

అయిదేళ్ళ చదువు మీద ఒక్కసారిగా వాన కురిసినట్టయింది. ఆమె నా పక్కనే కూర్చుని కప్పంతా పీకేసి, పొద్దు వాలేదాకా వరస మీద వరస పరిచి చూపించింది. జిగురు ఆరనిద్దామని వాకిట్లో పెట్టాను. తెల్లారి బస్సుకు వెళ్దామని చూస్తే స్తంభాలు మాత్రమే ఉన్నాయి. మా బర్రె కళ్ళు మూసుకుని నెమరేస్తోంది.

"అవ్వా, నా విమానాశ్రయం!" అని ఏడ్చాను.

అవ్వ, అంటే మా అమ్మ, పరుగున వచ్చి బర్రె నోరు తెరిచి చూసింది. "జిగురు గిట్ల తిన్నదా ఏందే? దీనికేమన్నయితె ఎట్లనే? మేతతోటి ఇల్లు గట్టి వాకిట్ల పెడితె తినదా మరి?"

మొండి స్తంభాలు ఒక చేత, కొత్తగా కోసిన ఆకుల కట్ట ఒక చేత పట్టుకుని హైదరాబాదు బస్సెక్కాను. పరీక్ష రోజున, మార్కులు వేయడానికి వచ్చిన పెద్ద సారు కప్పేదని అడిగితే "బర్రె తిన్నది సార్" అన్నాను. గదంతా నవ్వులే. చేసేది లేక వాళ్ళ ముందే నేల మీద కూర్చుని, స్తంభాల మీద చూరు దగ్గర్నుంచి ఒక్కొక్క వరస పరిచి, పైన చెంబుడు నీళ్ళు పోశాను. రెండే రెండు చుక్కలు లోపల పడ్డాయి. (ఆ రెండూ నేను తొందరపడ్డ చోటే.)

సారు నవ్వు ఆపి, వంగి చూసి, "ఇలా పరచడం ఎవరు నేర్పారమ్మా?" అన్నారు.

"నా సొంత పరిశోధన సార్" అన్నాను. అంత గడుసుగా నోరెలా తిరిగిందో ఇప్పటికీ తెలియదు.

పాసయ్యాను. ఆ అబద్ధం ఇంటికొచ్చే బస్సులో దారి పొడవునా నాతోనే వచ్చింది. మిఠాయి పొట్లం పట్టుకుని నేరుగా చేనుకెళ్తే గుడిసెలు లేవు, పొయ్యిల బూడిద ఉంది.

"కోత అయిపోయె. మూడు దినాలాయె ఆల్లు పోయి" అంది అవ్వ.

"ఆ బాయి పేరేంది అవ్వా?"

"పొద్దంత నీ పక్కపొంటే కూసున్నది గద. నువ్వడగలేదా?"

నాకు విమానాశ్రయం కట్టే పని ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. బడులు కట్టాను, ఒకటి రెండు బస్టాండులు కట్టాను. వాటి కప్పుల కింద చల్లగా ఉందని ఎవరైనా మెచ్చుకుంటే, చెరుకు కొట్టే ఒక బాయి నేర్పింది అని చెప్తాను. పేరేమిటని అడుగుతారు. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ళ మహాశిల్పి గుర్తొచ్చి నవ్వొస్తుంది. బీద దేశాలన్నిటికీ విమానాశ్రయాలు కట్టబోతున్న హడావిడిలో, పక్కన కూర్చున్న మనిషి పేరు అడిగే తీరిక ఆ పిల్లకు దొరకలేదు.