మూత మీదా, ఒంటి మీదా

మా వదిన ప్రయోగశాలలో పని చేస్తుంది. ఏం పని అంటే "ఈస్టు పెంచుతా" అని తేల్చేస్తుంది. ఇంట్లో మాత్రం ఆమె పేరు చాదస్తం. ఆమె పెళ్లయిన కొత్తలో మా అమ్మ పేర్లు రాసున్న మూతలు మార్చి, ఉప్పు డబ్బాది పంచదారకూ, పంచదారది ఉప్పుకూ పెట్టింది. దాని మూలంగా అందరం ఉప్పు టీ తాగాం. అప్పటి నుంచి వదిన ప్రతి డబ్బాకూ మూత మీద ఒకసారి, ఒంటి మీద ఒకసారి పేరు రాస్తుంది. ల్యాబులో ట్యూబులకూ అదే శిక్ష.

జన్యువుల చేత పని చేయించే ఒక ప్రొటీను మీద ఆమె పని. దానికి డీఎన్‌ఏను పట్టుకునే చెయ్యి లాంటి భాగం ఒకటి, వదులుగా వేలాడే తోక ఒకటి. వేల జన్యువుల మధ్య తన చోటు వెతుక్కునేది ఆ చెయ్యేనని ల్యాబులో అందరి నమ్మకం. వదిన కొంత ఈస్టులో ప్రొటీను తోక కత్తిరించింది, కొంత ఈస్టులో చెయ్యి. తీరా చూస్తే తోక లేనిది దారి తప్పి ఎక్కడెక్కడో అతుక్కుంది. చెయ్యి లేనిది చాలావరకు సరైన చోటికే చేరింది!

ల్యాబు పెద్దాయన నమ్మలేదు. "మూతలు మార్చేశావమ్మా. మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరయింది. రేపటి నుంచి గాజుసామాను కడిగే గదిలో ఉండు" అన్నాడు.

విని నాకు ఒళ్లు మండింది. వదిన మాత్రం తెల్లారగానే వెళ్లి, ఫ్రీజరులోని ట్యూబులన్నీ తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

"మూత మీద కాదు సార్, ఒంటి మీద చూడండి."

డెబ్బై రెండు ట్యూబులు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ అన్నీ చూశాడు. ఒక్కటీ మారలేదు. అయినా మొండిగా, పక్క బల్ల ఆవిడ చేత పనంతా మొదటి నుంచి చేయించాడు. ఆరు వారాలు ఇంట్లో అందరం బిక్కుబిక్కుమంటూ గడిపాం. ఫలితం మళ్లీ అదే వచ్చింది. దారి చూపేది ఎక్కువగా తోకే!

ఆ సాయంత్రం వదిన చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, నా పని నాకే ఉంచారు! ఈ పని గురించి పత్రికకు పంపే వ్యాసంలో మొదటి పేరు నాదేనట!"

నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. అమ్మ మాత్రం గరిట పట్టుకునే నిలబడింది.

"ఆనాడు మూత మార్చిందెవరే? నేను! మరి నా పేరేదీ?"