కొళాయి మీద ప్రమాణం

కాణిపాకం వినాయకుడి ముందు తప్పుడు ప్రమాణం చేయాలంటే ఎంతటి నాయకుడైనా జంకుతాడని మా విజయనగరంలో కూడా చెప్పుకుంటారు. చిత్తూరులో పలమనేరు బస్సెక్కినప్పుడు, అది నిజమేనా అని పక్క సీటులోని పెద్దావిడను అడిగాను.

“అట్లనే అంటారు నాయనా. మా సర్పంచి ఊరికి నీళ్లు తెప్పిస్తానని మాటిచ్చి మరిసిపోయినాడు. మళ్లా ఓట్లకొచ్చి, ఈసారి కాణిపాకంలో తలస్నానం చేసి ప్రమాణం చేస్తానన్నాడు. మేమే వద్దన్నాము.”

అంత గట్టి ప్రమాణాన్ని ఎవరైనా కాదంటారా? దేవుడి మీద నమ్మకం లేకనా అన్నాను. ఆవిడ కాస్త నొచ్చుకుని, ఒళ్లోని ప్రసాదం పొట్లం చూపించింది.

“ఇప్పుడు ఆడనించే వస్తా ఉండా. ఆడ ప్రమాణం చేసినాడంటే, మాట తప్పితే సామే సూసుకుంటాడులే అని మేము ఊరకుండిపోతాము. మా సర్పంచికి కావాల్సింది అదే. అందుకే మా ఈదిలో నీళ్లు రాని కొళాయి మింద చెయ్యి పెట్టి, మా అందరి ముందర చెప్పమన్నాము.”

“చెప్పాడా మరి?”

“యాడ చెప్పినాడు? కాణిపాకానికైతే ఇప్పుడే కారెక్కండి అంటా ఉండాడు.”