జీపులో వచ్చిన పెళ్ళికొడుకు

మొన్న భద్రాచలం బస్టాండులో బస్సెక్కబోతుంటే, సెలవులైపోయి హాస్టళ్ళకు తిరిగిపోయే ఆడపిల్లలు పెట్టెలతో సహా ఎగబడ్డారు. వాళ్ళలో ఒక గడుగ్గాయి "అమ్మమ్మా, జర జరుగు" అంటూ నన్నే పక్కకు నెట్టి సీటు పట్టేసరికి కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. ఈ అడవి పల్లెల నుంచి ఒక్క పిల్లను హాస్టలుకు తేవడానికి ఎన్ని తిప్పలు పడేవాళ్ళమో, ఆ రోజుల్లో ఉద్యోగాలు వెలగబెట్టిన మీకు నేను చెప్పాలా!

ఆడపిల్లలను చదువుకు పంపించే సంస్థలో కొత్తగా చేరిన నాకు దుమ్ముగూడెం అవతలి పల్లెలు అప్పగించారు. ఖమ్మంలో పుట్టి పెరిగిన నాకు అనుభవం సున్నా, ఉత్సాహం బండెడు. ఒక ఇంట్లో ఏడో తరగతి పాసైన చురుకైన పిల్ల ఉంది. ఆ ఎండాకాలమే ఆమెను మేనబావకు ఇచ్చేస్తారని ఊరంతా అనుకుంటోంది, పిల్లేమో చదువుకుంటానని నా చెవిలో చెప్పి చెయ్యి వదలదు.

మొదటిరోజే బడి మాటెత్తితే తల్లిదండ్రులు బెదిరిపోతారని మాకు శిక్షణలో నూరిపోశారు. నేనూ ఆ మాట తప్ప అన్నీ మాట్లాడాను. పిల్ల వయసెంత, ఒంట్లో ఏమైనా నలతా, ఎవరికైనా మాటిచ్చారా అని వాళ్ళ నాన్నను అడిగాను. మా దగ్గరికి పంపితే తిండికీ బట్టకూ లోటుండదని, మీరేమీ పెట్టనక్కరలేదని, పండగలకు పంపిస్తామని చెప్పాను. యూనిఫాం కోసం టేపు తీసి కొలతలు కూడా రాసుకున్నాను. శుక్రవారం జీపులో వస్తామంటే ఆయన వెంటనే తలూపాడు. నా మాటకారితనానికి నేనే మురిసిపోయాను.

శుక్రవారం వెళ్ళేసరికి వాకిలి నిండా చుట్టాలు, గుప్పుమని కోడికూర వాసన, తలనిండా పూలతో ముఖం మాడ్చుకున్న పిల్ల. మా జీపు డ్రైవరన్న కాళ్ళకు నీళ్ళిచ్చి మంచం మీద కూర్చోబెట్టారు. చదువంటే వీళ్ళకెంత గౌరవమని నా కళ్ళు చెమర్చాయి. డ్రైవరన్న కోడికాలు నోట పెట్టుకున్న సమయంలో వాళ్ళ నాన్న మెల్లగా మాట కదిపాడు.

"బిడ్డా, నీకు ఎవుసం ఎంతుంది, ఎన్నెకరాలు?"

"ఎవుసం ఏడిది పెద్దాయనా! ఇద్దరు పిల్లలు, గీ జీతం వాళ్ళకే చాల్తలేదు."

పిల్ల తండ్రి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేను. "నిన్ను నమ్మి మా బావోళ్ళకు గూడ వద్దని జెప్పొచ్చిన. ఇప్పుడు నా ముఖం ఏడ పెట్టుకోవాలె?" అన్నాడు. హాస్టలు, సీటు, చదువు, అన్నీ ఒక్క గుక్కలో ఏడుస్తూ చెప్పేశాను. ఇక పిల్ల పని అయిపోయిందనే అనుకున్నాను.

అప్పటిదాకా మూలన చుట్ట కాలుస్తున్న నాయనమ్మ లేచింది. "కోళ్ళను కోసినం, సుట్టాలు తిన్నరు. ఇప్పుడు పిల్లను తోలకుంటే ఊరు నవ్వదా? మొగుడు లేకుంటే లేకపాయె, పుస్తకమన్నా ఉంటది. తోలుండ్రి" అంది.

పెద్దావిడ మాటకు తిరుగు లేదు. తల్లి పిల్లకు బొట్టు పెట్టి, చెయ్యి నా చేతిలో పెట్టి, అత్తారింటికి పంపినట్టే భోరుమంది. డ్రైవరన్న తన పిల్లలు గుర్తొచ్చి కండువాతో కళ్ళొత్తుకున్నాడు. ఏడవడం మరచిపోయింది పిల్ల ఒక్కతే, అప్పటికే జీపు ముందు సీట్లో కూర్చుంది.

ఆమె ఇప్పుడు దవాఖానాలో పెద్ద నర్సు. వాళ్ళ నాన్న మాత్రం ఉన్నన్నాళ్ళూ నన్ను "వియ్యపురాలా" అనే పిలిచాడు. పిల్ల చిక్కిపోయిందని హాస్టలుకొచ్చి మరీ దెబ్బలాడేవాడు, నేనూ వియ్యపురాలి బింకంతోనే జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ పల్లె ఆడపిల్లలు ఫోనులోనే సీటు చూసుకుని, వాళ్ళంతట వాళ్ళే బస్సెక్కిపోతున్నారు. ఏ తల్లీ ఏడవడం లేదు. మేం తిరిగిందంతా ఇందుకే కదా, కడుపు నిండినట్టే ఉంటుంది. కానీ పోయిన నెల ఆ ఊరు వెళితే, కోడిని కోస్తాను కూర్చోమని దబాయించే ఆ మనిషి లేక, అదే వాకిట్లో నిలబడి నేనెవరినో చెప్పుకోవలసి వచ్చింది.