లైబ్రరీ టీచరు జడలోని మల్లెలు

మొన్న సాయంత్రం మా తిరుచానూరు వీధి చివర లాడ్జి మెట్ల మీది నుంచి పక్కింటామె కేకేసింది. "రా అక్కా, ఇస్కూలు లైబ్రరీ మేడం వచ్చుండాది. ఫోన్లో వచ్చేటివి నిజమో అబద్ధమో యెట్ల కనుక్కోవాలో చెప్తా ఉండాది." మోకాలు నొప్పి అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. లైబ్రరీ టీచర్లంటే నాకు కడుపుమంట, అంతే. నా ఈడువాళ్ళు నవ్వుకుంటారేమో గానీ, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాజుకున్న ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

అప్పుడు నేను అదే బడిలో తెలుగు టీచర్ని. మా అమ్మ అమ్మవారి గుడి దారిలో పూలు కట్టి అమ్మేది. గూడూరు నుంచి వచ్చిన మా లైబ్రరీ టీచరు బడి వదలగానే అందరిలా ఇంటికి పోకుండా, పుస్తకాలు చంకన పెట్టుకుని పూలమ్మేవాళ్ళ మధ్య చాప మీద చేరేది. వాళ్ళ చేతులు ఖాళీగా ఉండవు కనుక తానే చదివి వినిపించేది, కావలసిన సంగతి పుస్తకంలో ఎక్కడ వెతుక్కోవాలో, రాసిన మాటను ఎంతవరకు నమ్మాలో బడిపిల్లలకు చెప్పినట్టే చెప్పేది, ఎవరైనా అడ్డం వస్తే పుస్తకం మూసి వాళ్ళ మాట వినేది. వీధి వీధంతా ఆమెకు దండం పెట్టేది. పెట్టుకోనీ, నాకేం?

నన్ను కాల్చింది మల్లెపూలు. మా అమ్మ మంచి మొగ్గలు ఏరి, సందు కనపడకుండా దగ్గర దగ్గరగా, ఆమె కోసం రోజూ ఒక మూర విడిగా కట్టేది. నాకు మాత్రం అమ్మకం అయ్యాక మిగిలినవి, ఇంట్లో బిడ్డవే కదా అని. స్టాఫ్ రూములో ఆ జడ నా ముందు కూర్చుంటే ఆ వాసనకే ఒళ్ళు మండేది.

ఒకనాడు పంతం పట్టి, ఆమె సగంలో ఆపిన పుస్తకమే ఇంటికి తెచ్చి, ఎక్కడా తడబడకుండా అమ్మకు చదివాను. అమ్మ పూలు కడుతూ అంతా విని, నెమ్మదిగా అంది. "ఆ టీచరమ్మ చదవతా ఉంటే మధ్యలో అడగాలనిపిస్తాది. నువ్వు చదివితే నోరు మూసుకోని ఇనాలనిపిస్తాది మే." కోపంగా అని ఉంటే మరిచిపోయేదాన్ని.

ఇప్పుడు అమ్మా లేదు, ఆ టీచరు ఏ ఊళ్ళో ఉందో తెలియదు. చాప పోయి లాడ్జి మెట్లు వచ్చాయి, పుస్తకం పోయి ఫోను వచ్చింది. మొన్న ఉండబట్టలేక చివరికి నేనూ వెళ్ళి ఆఖరి మెట్టు మీద కూర్చున్నాను. ఒక ముసలామె మధ్యలో ఏదో అడిగితే ఆ కొత్త లైబ్రరీ టీచరు పిల్ల ఫోను ఒళ్ళో బోర్లించి ఆమె మాట పూర్తిగా విన్నది. కాసేపటికి నేనూ ఏదో అడిగాను, అడిగిన తరువాత గానీ నాకే తెలియలేదు.

వస్తూ వస్తూ ఒక మూర మల్లెలు కొన్నాను. పువ్వుకూ పువ్వుకూ మధ్య వేలు పట్టేటంత సందు. మా అమ్మలా కట్టేవాళ్ళు ఈ వీధిలో ఎవరూ మిగల్లేదు. అమ్మే ఉండి ఉంటే, ఆ మూర ఆ పిల్ల జడలోకే పోయేది.