త్రినాథరావు నవ్వుల బండి

రైల్వే గార్డుగా రిటైరైన త్రినాథరావుకి ఊరికే కూర్చోవడం చేతకాదు. పార్కులో పెద్దవాళ్ళ లాఫింగ్ క్లబ్బులో నవ్వి నవ్వి బీపీ తగ్గించుకున్నాడట. ఇక బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కాలో చెయ్యో సరిగా లేని పిల్లలందరినీ నవ్వించి తీరాలని కంకణం కట్టుకున్నాడు. మంచి మనసే, కాదనను. ఆ మంచితనమే కొంప ముంచింది.

ఆదివారాలు కాలనీలోని రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలులో పిల్లలు వీల్‌చైర్లతో, కర్రలతో వరసకట్టి బండిలా కదిలేవారు. బండి కదలాలంటే వెనక గార్డూ ముందు డ్రైవరూ జెండాలు చూపించుకుని, అంతా బాగుందని చెప్పుకోవాలి కదా. ఆ అలవాటు ఆయనకు రక్తంలో ఇంకిపోయింది. అందుకే "సబ్ ఠీక్?" అని కేకేసేవాడు. పిల్లలంతా పచ్చజెండాలెత్తి పగలబడి నవ్వాలి. ఒక్కరు ఎత్తకపోయినా బండి ఆగిపోయినట్టే. సర్వీసంతటిలో తన మూలంగా బండి ఆగలేదని గొప్పలు పోయే మనిషి, ఆపడమంటే పరువు తక్కువని పిల్లలకీ నూరిపోశాడు. ఎర్రజెండా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు మహానుభావుడు.

ప్రసూనకి పదిహేనేళ్ళు. గతౌరా స్టేషన్లో కదిలే బండి ఎక్కబోయి మోకాలి కింద కాలు పోగొట్టుకుంది. ఆ తర్వాత చాలాకాలం గది దాటలేదు, అద్దం చూడలేదు. ఎవరైనా జాలిపడితే కంచం విసిరికొట్టేది. అలాంటి పిల్ల ఈ హాలుకొచ్చాక అందరికంటే గట్టిగా నవ్వింది. త్రినాథరావు పొంగిపోయి ఆమెను బండికి ఇంజను చేశాడు. తాను కుంటిది కాదనీ, ఇంజననీ ఇంట్లో చెప్పుకుందట. తల్లి ఉషారాణి ఆయన చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది.

వానలు మొదలయ్యాక ఆ నవ్వు మారింది. నవ్వుతున్నప్పుడు పళ్ళు బిగిసి ఉండేవి. ఎదిగే పిల్లకి పాత కృత్రిమ కాలు బిగుతైపోయిందని ఎవరికీ తట్టలేదు. హాలులో ఏదో కుళ్ళిన వాసన వస్తుంటే, ఎలుక చచ్చిందనుకుని త్రినాథరావు మూలలన్నీ వెతికించాడు. ఒకసారి మాత్రం ఆయన ఆగి చూశాడు. పిల్ల నవ్వుతూనే ఉంది, నుదుటి మీద చెమట ధార కడుతోంది.

"ఏటమ్మా, నొప్పేటి?"

"ఏటీ లేదు తాతా. సబ్ ఠీక్," అని ప్రసూన జెండా ఎత్తింది.

ఆయన నమ్మాడు. నమ్మాలనిపించింది, నమ్మాడు. పై వారం పెద్దాఫీసర్లు ఈ పిల్లల్ని చూడ్డానికి వస్తున్నారు మరి.

ఆ ఆఫీసర్ల ముందే ప్రసూన నవ్వుతూ నవ్వుతూ కూలబడిపోయింది. అదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఉషారాణి పరుగెత్తుకొచ్చి కృత్రిమ కాలు విప్పితే, లోపల చర్మం నల్లబడి చీము కారుతోంది. మోకాలు దక్కుతుందో లేదో చెప్పలేనన్నాడు ఆస్పత్రి డాక్టరు.

మర్నాడు త్రినాథరావు వార్డుకి వెళ్ళాడు. జ్వరంతో మూలుగుతున్న పిల్ల ఆయన్ని చూడగానే మూలుగు మింగేసి పెద్దగా నవ్వడం మొదలెట్టింది. పక్క మంచాలవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఆయన రెండు చేతులూ జోడించాడు.

"నవ్వొద్దు తల్లీ. ఏడు. నాకాడ ఏడు."

పిల్ల ఇంకాస్త గట్టిగా నవ్వింది. ఊపిరి అందక ఆగి, బెదురు చూపులు చూస్తూ అడిగింది.

"నవ్వకపోతే బండిలోంచి నన్ను తీసేస్తావేటి, తాతా?"