మా గల్లీ స్పీడ్ బ్రేకర్

అశోక్‌నగర్‌లో మా గల్లీకి అటువైపే మా పాప బడి. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు తప్పించుకోవాలనుకున్న ప్రతి ఆటో మా గల్లీలోంచే దూసుకుపోయేది. ఒకరోజు ఓ లూనా పాప సంచీని రాసుకుంటూ పోయింది. నా ఒళ్లు మండిపోయింది. గల్లీ కమిటీ అని ఒకటి ఏడ్చింది కదా అని వెళ్లి, స్పీడ్ బ్రేకర్ వేయించమని మొత్తుకున్నాను. నెలకో ఆదివారం కమిటీ మీటింగుకు ఎస్సై వచ్చి, కుర్చీలో కూచుని, దొంగల గురించి, బండ్ల గురించి మా గోడు విని, చాయ్ తాగి పోయేవాడు.

"అర్జీ పంపినం, జర ఓపిక పట్టు చెల్లె" అనేవాడు కమిటీ అధ్యక్షుడు, మా పక్కింటాయన. ఓపికట, ఓపిక! ఆయన పిల్లలు పెద్దవాళ్లయిపోయారు మరి.

మా వైపు ఒక అలవాటుంది. ఎవరింట్లో స్లాబు పోసినా, మిగిలిన కాంక్రీటును ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా పోసేస్తారు. అదే స్పీడ్ బ్రేకర్. మా మేడ మీద గదికి స్లాబు పడిన రోజు ఏడెనిమిది తట్టల కాంక్రీటు మిగిలింది. మా మేస్త్రీది పాలమూరు. అతని భార్య కూడా మా ఇంట్లోనే తట్టలు మోసేది. రోడ్డు మీద పోయమంటే అతను వద్దనే అన్నాడు.

"పోలీసోళ్లు ఊకోరమ్మా. గింత ఎత్తు పెడితే బండ్లు ఎగిరిపడ్తయి."

"నేనున్న కదా! ఎవడన్న అడిగితే నా పేరు చెప్పు. ఇంకో తట్ట పొయ్యి" అన్నాను.

అధ్యక్షుడు గేటు దగ్గర నిలబడి చూస్తూ తలూపాడు కూడా.

మూడో నాడు ఆయన స్కూటరే దాని మీద ఎగిరింది. వెనక కూచున్న ఆయన భార్య కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ ఆదివారం ఎస్సై వచ్చాడు.

"రోడ్డు మీద ఇది ఎవరు పోసిన్రు?"

"ఎవడో పాలమూరు మేస్త్రీ సార్, మమ్మల్ని అడగకుంట పోసిండు" అన్నాడు అధ్యక్షుడు, కళ్లార్పకుండా.

మేస్త్రీ మా మేడ మీదే పిట్టగోడ కడుతున్నాడు. కిందికి పిలిపించారు. "అమ్మ చెప్తేనే సార్..." అంటూ అతను నావైపు చూశాడు. అందరూ నన్నే చూశారు. మా పైగదికి పర్మిషన్ లేదు. నేను నోరు తెరిస్తే ఎస్సై ముందుగా అడిగేది దాని గురించే. కొత్తిమీర కట్ట కోసం గంటసేపు పోట్లాడే నా నోరు ఆ పూట పడిపోయింది.

అతన్ని జీపులో ఎక్కించి, సాయంత్రం దాకా ఠాణాలో కూచోబెట్టారు. వాచిన చెంపతో తిరిగొచ్చాడు. గల్లీలో ఒప్పుకున్న మరో రెండిళ్ల పనీ పోయింది.

మర్నాడు బడి వేళకు అతని భార్య గడ్డపారతో వచ్చి ఆ బ్రేకర్‌ను పగలగొట్టడం మొదలుపెట్టింది. పాప చెయ్యి పట్టుకుని బయటికొచ్చాను.

"ఏయ్, ఏంది నువ్వు చేసేది? పిల్లలు దాటే తావు!"

"నీ పిల్ల కోసమే గదమ్మా మా ఆయన పోసిండు. నిన్న నీ నోరు యాడ పోయింది?"

గల్లీ అంతా గుమ్మాల్లోకి వచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది, ఆ సిగ్గులోంచే కోపం తన్నుకొచ్చింది.

"మూసుకొని పోతవా, పోలీసులను పిలువాల్నా?"

ఆమె గడ్డపార దింపి నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మా, పొయ్యమన్నది నువ్వే కదా?" అంది పాప.

దాని వీపు మీద ఒక్కటి చరిచి, రోడ్డు దాటించాను.